అడిగితే ఏమనుకుంటారో

అమెరికా యూనివర్సిటీ నుంచి అడ్మిట్ వచ్చింది. మైసూర్‌పాక్ పంచారు. ఆ ఉత్తరం స్క్రీన్‌షాట్ వాట్సాప్ స్టేటస్‌లో ఒక రోజంతా అఖండదీపంలా వెలిగింది. ఇంతవరకూ ప్రతి వీధిలోనూ జరుగుతున్నదే కాబట్టి దాటేస్తాను. కొన్నాళ్లుగా నా చెవిలో జోరీగలా తిరుగుతున్నది ఆ తరవాతి మాట. "బావుంది, మరి ఫండింగ్ సంగతేమిటి? వాళ్లని అడిగారా?" అంటే చాలు, నలభై లక్షల లోను మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉన్న ఇల్లు కూడా నాలిక కరుచుకుంటుంది. "అయ్యయ్యో, సీటిచ్చిందే పదివేలు. అప్పుడే డబ్బు మాటెత్తితే ఏమనుకుంటారో!" ఆ పదివేలకి కాస్త అటూ ఇటూగా అప్లికేషన్ ఫీజు కింద ముందే కట్టింది మనమేనన్న సంగతి అప్పుడెవరికీ గుర్తుండదు. పోనీ, ఈ "ఏమనుకుంటారో" అన్న మాటలో దాక్కున్న ఆ మహానుభావుడెవరా అని ఆరా తీస్తే, ఏ ఒహాయోలోనో టెక్సస్‌లోనో డిపార్ట్‌మెంటు ఆఫీసులో కూర్చునే గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్. ఇలాంటి ప్రశ్నలకి జవాబు చెప్పడానికే ఆవిడకి జీతమిస్తున్నారు. మనం అడగకపోతే ఆవిడ ఏమీ అనుకోదు. అడిగినా ఏమీ అనుకోదు. అనుకునేదంతా మన వంటింట్లోనే.

ఈ ప్రయాణంలో డబ్బు గురించి ఎవరెవరు అడుగుతారో ఒకసారి వరస చూడండి. జీఆర్‌ఈ వాళ్లు పరీక్ష ఫీజు అడుగుతారు. ఇంగ్లీషు వచ్చునని రుజువు చేసే పరీక్షవాళ్లు వేరే అడుగుతారు. బ్యాంకు మేనేజరు ఇల్లెవరి పేరున ఉందనీ, ఈసీ తెచ్చారా అనీ, లింకు డాక్యుమెంట్లేవనీ, పక్క గోడ ఎవరిదనీ అడుగుతాడు. సీఏ గారు తాతగారి పొలం దగ్గర మొదలెట్టి అమ్మ మెడలో నాంతాడు దాకా తూకం వేసి నెట్‌వర్త్ సర్టిఫికెట్ అచ్చువేస్తారు. సీటిచ్చిన యూనివర్సిటీయే, "అభినందనలు" అన్న నోటితోనే, మొదటి ఏడాది ఖర్చంతా మీ దగ్గరుందని కాగితం చూపించండి, అప్పుడే వీసాకి కావలసిన ఐ-20 పత్రం అంటుంది. విదేశీ విద్యార్థుల రికార్డుకని సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185. చివరికి కాన్సులేట్ అద్దం వెనక ఆఫీసరు, పిల్లవాడు ఏం చదవబోతున్నాడన్నదానితో సమానంగా పట్టించుకునే ప్రశ్న, నీ చదువుకి డబ్బెవరు పెడుతున్నారన్నదే. ఇక చుట్టాలు అడిగేది చెప్పక్కర్లేదు, వాళ్లకి ఫీజు లేదు కాబట్టి ఎన్నిసార్లయినా అడుగుతారు. ఈ దారి పొడుగునా డబ్బు మాట రాని చోటు నాకు తెలిసి ఒక్కటే, చిలుకూరు బాలాజీ గుడి. అక్కడ హుండీ లేదు. కోరుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూటెనిమిది. వీసా దేవుడని పేరుపడ్డ స్వామి తప్ప వీసాతో సంబంధమున్న ప్రతి ప్రాణీ ఆ పిల్లవాణ్ణి డబ్బు గురించి అడుగుతుంది. అందరూ అడగ్గా లేనిది, అందరికీ జవాబు చెప్పిన ఆ ఒక్కడు ఒక్కసారి అడిగితే మాత్రం మర్యాద తప్పినట్టు. నా వాదమంతా ఇంతే. సీటొచ్చాక ఫండింగ్ గురించి అడగడం అమర్యాద కాదు. ఈ తతంగమంతటిలోనూ నిజాయితీగా వేసే ప్రశ్న ఏదైనా ఉంటే అది అదే. మిగిలినవాటికి జవాబుగా చూపించే బ్యాంకు బ్యాలెన్సుల్లో కొన్ని, కొత్తల్లుడిలా అకౌంట్లో మూడు నిద్రలు చేసి వెళ్లిపోయేవే కదా.

ఈ మొహమాటం ఎక్కడిదా అని చూస్తే నాకు మన వ్యాకరణం మీదే అనుమానం. తెలుగులో క్రియకి "కొను" తగిలిస్తే ఆ పని తనకోసం చేసుకున్నట్టు. రాయడం, రాసుకోవడం. వండడం, వండుకోవడం. కట్టడం, కట్టుకోవడం. ఎవరి పరువుకీ భంగం లేదు. కానీ అడగడానికి అదే తోక తగిలించగానే అడుక్కోవడమైపోతుంది! పరులకోసం అడిగితే ప్రశ్న, తనకోసం అడిగితే బిచ్చం. వినాయక చవితికి రసీదు పుస్తకం పట్టుకుని, తెలియని ఇంటి తలుపు కొట్టి, "అంకుల్, పోయినేడు వెయ్యిచ్చారు, ఈసారి రెండువేలు రాస్తున్నా" అని దబాయించగల కుర్రాడే, తన చదువుకి సంబంధించిన నాలుగు వాక్యాల ఈమెయిల్ రాయడానికి నాలుగు రోజులు గోళ్లు కొరుక్కుంటాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు విడుదల చెయ్యాలని కలెక్టరేట్ ముందు ఎర్రటి ఎండలో బైఠాయించడం మనకి చేతనవును. గుంపులో అడిగితే డిమాండు, ఒంటరిగా అడిగితే అడుక్కోవడం. అసలు అడిగే విషయంలో మనకి రెండు పురాణాలున్నాయి, రెండింట్లోంచీ తప్పుడు కథనే ఎంచుకున్నాం. కుచేలుడు భార్య పోరు పడలేక అటుకులు మూటగట్టుకుని ద్వారక వెళ్లాడు, మర్యాదలన్నీ అందుకున్నాడు, అసలు మాట మాత్రం నోరు విప్పి చెప్పకుండా తిరిగొచ్చాడు. ఇంటికొచ్చేసరికి మేడ లేచి ఉంది. మనవాళ్లు ప్రతి డిపార్ట్‌మెంటు చైర్మన్‌నీ కృష్ణుడనుకుంటారు, అడక్కుండానే గ్రహిస్తాడని. అటుకుల్లో రెండో పిడికిలికి రుక్మిణి చెయ్యి పట్టుకుందన్న సంగతి మరిచిపోతారు. సాక్షాత్తూ ద్వారకలోనే బడ్జెట్ కమిటీ ఉన్నప్పుడు ఇండియానాలో ఉండదా? రెండో కథ వామనుడిది. బలి చక్రవర్తి ఊళ్లూ ఏనుగులూ ఇస్తానంటే అవన్నీ వద్దన్నాడు. ఏం కావాలో, ఎన్ని కావాలో, ఏ కొలతతో కావాలో సూటిగా అడిగాడు. మూడు అడుగులు అడిగాడు కాబట్టే మూడు లోకాలొచ్చాయి. చివర్లో బలికి జరిగింది న్యాయమా అన్నది వేరే వ్యాసం.

పురాణాలదాకా ఎందుకు, మొన్నమొన్నటి దాకా తెలుగుదేశంలో పిల్లలు చదువుకున్నదే అడిగి. వారాలబ్బాయి అన్న మాట ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. ఆగి, అవసరానికి మించి ఉండిపోతానని ముందే హెచ్చరిస్తున్నాను. బడి ఉన్న ఊళ్లో చుట్టాలు లేని పేద కుర్రవాడు వారంలో ఏడు రోజులకి ఏడిళ్లు కుదుర్చుకునేవాడు. సోమవారం కరణంగారింట్లో భోజనం, మంగళవారం వకీలుగారింట్లో, బుధవారం హెడ్‌మాస్టరుగారింట్లో, అలా. దీనికి దరఖాస్తు ఫారం లేదు, ఎస్ఓపీ లేదు. గుమ్మం ముందు నిలబడి, "అమ్మా, మీ ఇంట్లో ఏ వారం ఖాళీగా ఉంది?" అని అడగాలి. ప్రశ్న అందం చూడండి. "పెడతారా" అని కాదు, "ఏ వారం" అని. అడిగే ధైర్యం ఆ వాక్యంలోనే ఉంది. ఇప్పటి ఈమెయిల్లో "విల్ దేర్ బీ ఎనీ పాసిబిలిటీ" అని మెలికలు తిరుగుతూ రాసే ముక్కకీ, దానికీ హస్తిమశకాంతరం. ఇల్లాలికి జాలి కలిగితే గురువారమిచ్చేది. ఇంకో ఇంట్లో గురువారమే ఖాళీగా ఉంటే పెద్ద చిక్కు. ఒకే రోజుకి రెండు ఫండింగులు, మర్నాడు పస్తు. అప్పుడు మొదటింటికి వెళ్లి గురువారాన్ని శుక్రవారానికి మార్చమని మళ్లీ అడగాలి. ఆఫరు చేతికొచ్చాక బేరమాడే విద్య, ఇవాళ అమెరికాలో పాఠాలు పెట్టి నేర్పుతున్నది, మన కుర్రాళ్లకి ఆకలే నేర్పింది.

షరతులుండేవి. ఊరికే ఎవరు పెడతారు? నాలుగు బిందెల నీళ్లు తోడాలి, బజారుకెళ్లి కూరలు తేవాలి, ఆ ఇంటి చంటివాడికి ఎక్కాలు నేర్పాలి. అమెరికావాళ్లు టీచింగ్ అసిస్టెంట్‌షిప్ అంటున్నది ఇదే. బిందెలు మోసేది రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ కింద వస్తుంది, ఎందుకంటే అందులో కూడా నీళ్లెవరికోసం తోడుతున్నామో తోడేవాడికి సరిగ్గా తెలియదు. రెన్యువల్ గ్యారంటీ లేదు. ఏకాదశి పడిన రోజు ఎవరి వంతో వాళ్లింట్లో పొయ్యి వెలగదు, అబ్బాయి పుణ్యం తిని పడుకోవాలి. శనివారం ఇల్లు ఒంటిపూట అయితే స్టైపెండ్ సగానికి సగం కోత. ఆ ఇంట్లో పురుడొచ్చినా మైలొచ్చినా పది రోజులు నిధులు నిలిపివేత. వకీలుగారికి బదిలీ ఉండదు గానీ హెడ్‌మాస్టరుగారికి ఉంటుంది, ఆయన సామాను బండికెక్కగానే బుధవారం గల్లంతు. గ్రాంటు తీసుకుని ప్రొఫెసరు వేరే యూనివర్సిటీకి మారిపోతే రీసెర్చ్ అసిస్టెంట్ పడే అవస్థ అచ్చం ఇదే. దీనికి బదులుగా తద్దినాల బోనసుండేది. గారెలు, పరమాన్నం, అరిటాకు నిండా. పెద్దాయన పోయిన తిథిని వారాలబ్బాయి గుర్తుపెట్టుకున్నంత శ్రద్ధగా ఆ ఇంటి కొడుకులు కూడా గుర్తుపెట్టుకుని ఉండరు. ఇంకా చెప్పొచ్చు. ఆదివారం ఇంటివాళ్ల వంట బాగుంటే సోమవారం పొద్దున లెక్కలు బాగా వచ్చేవా అన్నది ఎవరైనా పీహెచ్‌డీ చెయ్యదగ్గ విషయం, ఫండింగ్ దొరికితే. అయితే ఈ ముచ్చటకి ఒక అడుగు చీకటి కూడా ఉంది, అది దాచి నవ్వించడం నాకిష్టం లేదు. ఆ ఏడు గుమ్మాలూ అందరికీ తెరుచుకోలేదు. కులం చూసి తెరుచుకున్నాయి. ఆడపిల్లలకి ఆ ప్రశ్నే లేదు. మిగిలినవాళ్లు తమ చదువుల కోసం వేరే తలుపులు తామే కట్టుకోవలసి వచ్చింది. హైదరాబాద్‌లో 1918లో రెడ్డి హాస్టల్ వచ్చిందన్నా, తరవాత సంక్షేమ హాస్టళ్లు వచ్చాయన్నా, ఎవరో కొందరు సిగ్గుపడకుండా అడిగినందువల్లే. ఎవరూ అడక్కుండా మన చదువుల చరిత్రలో ఒక్క కంచం కూడా నిండలేదు.

సరే, గుమ్మం దిగి అమెరికా వద్దాం. అక్కడ డబ్బు ఒకే పెట్టెలో ఉండదు, అడగాలనడానికి అసలు కారణం అదే. టీచింగ్ అసిస్టెంట్‌షిప్ డబ్బు డిపార్ట్‌మెంటుది. ఆ ఏడాది డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలు ఎంతమంది చేరారు, ఎన్ని ల్యాబు సెక్షన్లు నడపాలి అన్నదాన్ని బట్టి ఎందరిని తీసుకుంటారో తేలుతుంది. రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ డబ్బు ప్రొఫెసరు తెచ్చుకున్న గ్రాంటుది, దానికి ఆయనే రాజు. ఫెలోషిప్పులు గ్రాడ్యుయేట్ స్కూలు చేతిలో ఉంటాయి. ఇవి కాక లైబ్రరీ, హాస్టళ్లు, కంప్యూటర్ ల్యాబులు తమ బడ్జెట్లోంచి కొందరిని పెట్టుకుంటాయి. మీకు సీటిచ్చిన కమిటీకి ఈ పెట్టెల్లో సగం వాటి తాళం ఎక్కడుందో కూడా తెలియకపోవచ్చు. కాబట్టి అడ్మిట్ లెటర్లో ఫండింగ్ ఊసు లేదంటే "లేదు" అని అర్థం కాదు, "ఇంకా తేలలేదు" అనో "మమ్మల్నెవరూ అడగలేదు" అనో కూడా కావచ్చు. పైగా ఈ డబ్బుకి కదలిక ఉంది. అమెరికాలో చాలా యూనివర్సిటీలు సంతకం పెట్టిన ఏప్రిల్ 15 తీర్మానం ఒకటుంది, గ్రాడ్యుయేట్ స్కూళ్ల కౌన్సిల్‌ది. ఫండింగ్ ఆఫరు అందుకున్న విద్యార్థి ఆ తేదీ లోపల జవాబు చెప్పి తీరాలన్న నిర్బంధం లేదని దాని సారాంశం. అంటే నాలుగు ఆఫర్లు చేతిలో పెట్టుకున్న సరస్వతీపుత్రుడు ఒకటి ఉంచుకుని మూడు వదిలేసేది ఆ దగ్గర్లోనే. వదిలేసిన డబ్బు వరసలో తరవాతివాళ్లకి జారుతుంది. వరసలో మీరున్నారని ఎవరికైనా తెలియాలిగా! మార్చిలో ఒకసారి అడిగి, ఏప్రిల్ చివర్లో ఇంకోసారి గుర్తుచేయడం పీడించడం కాదు, బస్సెక్కడానికి స్టాపులో నిలబడటం. ఇందులో ఒక చమత్కారం గమనించండి. ఫండింగ్ వచ్చినవాళ్లకి ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకునే హక్కుంది. ఫండింగ్ రానివాళ్లకి ఆ తీర్మానం రక్షణ లేదు, వాళ్లకుండేది డిపాజిట్ కట్టవలసిన తేదీ. కట్టాక చాలాచోట్ల తిరిగిరాదు.

"అడిగితే సీటు క్యాన్సిల్ చేస్తారేమో" అన్నది మొదటి భయం. అప్లికేషన్లో అబద్ధాలు రాసినందుకు, డిగ్రీ పూర్తి కానందుకు సీటు పోతుంది. మర్యాదగా ప్రశ్న అడిగినందుకు సీటు తీసేసే నియమం ఎక్కడా లేదు. సీటు సంగతి ఒక బల్ల మీద తేలుతుంది, డబ్బు సంగతి ఇంకో బల్ల మీద. రెండోది భయం కాదు, జ్ఞానం: "ఎంఎస్ వాళ్లకి ఫండింగ్ ఇవ్వరు, పీహెచ్‌డీ వాళ్లకే." ఇందులో నిజముంది. పీహెచ్‌డీకి ట్యూషన్ మాఫీ, నెలనెలా స్టైపెండ్ సాధారణం. ఎంఎస్ చాలా యూనివర్సిటీలకి ఆదాయ మార్గం, మనం ఆ ఆదాయం. 2023-24లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, అన్ని దేశాల్లోకీ ఎక్కువ. వాళ్లలో దాదాపు రెండు లక్షల మంది పీజీ చదువులవాళ్లే. ఇంత మందికి ఇచ్చే స్తోమత ఎవరికీ లేదని ఒప్పుకుంటాను. అయితే "లేదు" అన్న జవాబుకి కూడా విలువుందంటాను. డిపాజిట్ కట్టకముందు వచ్చిన "లేదు" వల్ల, ఇంకో తక్కువ ఖర్చు యూనివర్సిటీతో పోల్చి లెక్క చూసుకోవచ్చు. కట్టి, లోను తీసి, విమానం దిగాక వచ్చిన "లేదు" వల్ల ఇంటికి ఫోను చేసి దగ్గడం తప్ప చేసేదేమీ ఉండదు. "ఉంది" అంటే అక్కడితో ఆగకుండా వామనుడిలా కొలత అడగాలి. ట్యూషన్ పూర్తిగా మాఫీయా, సగమా? మాఫీలో ఫీజులు కలిశాయా? చాలాచోట్ల కలవవు, ఆ ఫీజుల బిల్లు చూసినప్పుడే తెలుగు పిల్లవాడికి ట్యూషన్ వేరు, ఫీజు వేరు అన్న అద్వైత భంగం కలుగుతుంది. స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండుకా? ఎండాకాలం ఎవరు పెడతారు? హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరిది? ఒక సెమిస్టరుకేనా, రెండేళ్లకా? ఆ ఆఫరు లెటరు వస్తే ఐ-20లో ఆ మొత్తం యూనివర్సిటీ ఇస్తున్నట్టు నమోదవుతుంది, ఆ మేరకి మనం చూపించవలసిన డబ్బు తగ్గుతుంది. అమ్మ నాంతాడు అంతవరకూ సీఏ గారి త్రాసు దిగుతుంది.

మూడోది భయమూ కాదు, జ్ఞానమూ కాదు, వ్యాపారం. "ముందు వెళ్లనివ్వండి, అక్కడికెళ్తే అదే వస్తుంది." ఈ మాట కన్సల్టెన్సీ గోడల మీద రాసి ఉండదు గానీ గాల్లో ఉంటుంది. ఇదెక్కడి లెక్కో నాకు ఎన్నిసార్లు చూసినా అర్థం కాలేదు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద సెమిస్టరు నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మించి పనిచెయ్యకూడదు. మొదటి విద్యాసంవత్సరంలో క్యాంపస్ బయట ఉద్యోగం కుదరదు. ఆ క్యాంపస్‌లో క్యాంటీన్ ఉద్యోగాలెన్ని, వాటికోసం దిగే మన పిల్లలెందరు? మామిడితోపులో ఒక్క కాయకి వందమంది రాళ్లేసినట్టుంటుంది. ఆ తరవాత బంకుల్లో, హోటళ్లలో లెక్కల్లో లేని పని, పట్టుబడితే వీసాకే ఎసరు. "అదే వస్తుంది" అన్న ఆ "అదే" ఏమిటో, ఎవరిస్తారో, ఏ నెలలో ఇస్తారో చెప్పకుండా ఫీజు పుచ్చుకునే సలహాకీ, ఊరికే దొరికే ఒక్క ఈమెయిల్‌కీ మధ్య మనవాళ్లు సలహాకే ఓటేస్తున్నారు. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు.

న్యాయంగా అవతలివైపు బాధ కూడా చెప్పాలి. మనం అడగనప్పుడు అసలు అడగం, అడిగినప్పుడు ఊరు మీద పడతాం. ఒక్క రాత్రిలో అరవైమంది ప్రొఫెసర్లకి ఒకే ఉత్తరం. "రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్, మీ పరిశోధన నన్ను ఎంతో ప్రభావితం చేసింది" అని మొదలై, ఏ పరిశోధనో చెప్పకుండా, కిందటి ప్రొఫెసరు పేరు తీసేయడం మరిచిపోయి, "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అని ముగుస్తుంది. నదుల మీద పనిచేసే ఆయనకి నాడుల మీద ఆసక్తి ఉందని రాస్తారు. ఆ ప్రొఫెసర్లు మన ఉత్తరాలని చదవకుండా చెత్తబుట్టలోకి తోసేస్తే తప్పు పట్టలేను. వారాలబ్బాయి గుమ్మం గుమ్మానికీ తిరిగాడు గానీ, ప్రతి గుమ్మం ముందూ అది ఎవరిల్లో తెలుసుకునే నిలబడ్డాడు, వాళ్లింట్లో ఏ వారం ఖాళీయో అడిగాడు. ఊరి మధ్య నిలబడి మైకులో అరవలేదు. అడగడం తప్పన్నవాళ్లకి నేను చెప్పేది ఇదే, తప్పు అడగడంలో లేదు, ఎవరినో తెలుసుకోకుండా అడగడంలో ఉంది. టీచింగ్ పని సంగతి కోఆర్డినేటర్‌ని, గ్రాంటు సంగతి ఆయన పరిశోధన నిజంగా చదివాకే ప్రొఫెసర్‌ని. ఇది మర్యాద పాఠం కాదు, అడ్రసు పాఠం.

డబ్బు సంగతి తేలకుండా సముద్రం దాటితే ఏమవుతుందన్న మాట వచ్చింది కాబట్టి, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ ఇక్కడ చెప్పకుండా ఉండలేను, చెబితే వ్యాసం మూడ్ పోతుందని తెలిసినా. మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరడానికి ఆయన 1922లో బోస్టన్ వెళ్లారు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం ఆయన్ని ఓడెక్కించాయి. దిగాక సరిపోలేదు. వైద్యం చదివిన మనిషి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా రోగుల బెడ్‌పాన్లు కడిగారు. తరవాత ఫాస్ఫోక్రియేటిన్ కనుక్కోవడంలో ఆయన చెయ్యి, ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ వెనక ఆయన నడిపిన పరిశోధన, ఇవన్నీ ప్రపంచానికి తెలిసినవే. మనం సభల్లో ఆ బెడ్‌పాన్ల సంగతి గర్వంగా చెప్పుకుంటాం, పిల్లలకి ఆదర్శంగా చూపిస్తాం. కష్టపడితే వస్తుందని. ఆ రాత్రిళ్లు ఆయన నిద్రలో ఎన్ని గంటలు పోయాయో, పగలు ల్యాబులో ఎన్ని ప్రశ్నలు అలసటకి ఆగిపోయాయో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆయన మళ్లీ ఇండియా రాలేదు. 1948లో అక్కడే పోయారు. ఇక్కడ భార్య శేషగిరి గారు ఇరవయ్యారేళ్లు ఉండిపోయారు. ఫండింగ్ అన్న మాటకి అన్నిటికన్నా ఖరీదైన అర్థం ఆ ఇరవయ్యారేళ్లలో ఉందనిపిస్తుంది నాకు. డబ్బొక్కటే కారణమని అనను. కానీ అదీ ఒక కారణమే అయివుంటే, ఆ లెక్క ఏ సీఏ గారి సర్టిఫికెట్‌లోనూ కనపడదు.

ఇవాళ అడ్మిట్ వచ్చిన అబ్బాయీ, అమ్మాయీ, ఆ మైసూర్‌పాక్ ముక్క తినేశాక చెయ్యి కడుక్కుని ఒక ఉత్తరం రాయండి. సీటిచ్చినందుకు ఒక వాక్యం కృతజ్ఞత. వచ్చే ఫాల్‌కి అసిస్టెంట్‌షిప్పులు మిగిలి ఉన్నాయా, ఎవరిని అడగాలి, ఎప్పటికి తెలుస్తుంది అని మూడు ప్రశ్నలు. అయిదో వాక్యం వద్దు. "రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్" అసలే వద్దు. ఆ కోఆర్డినేటర్ పేరు డిపార్ట్‌మెంటు వెబ్‌సైట్లో ఉంది, ఫోటోతో సహా.